ఆ ఇరవై నిమిషాలు గడిచేదెలా

ముందుగా ఒక మాట. ఈ నిమిషంలో మీకు ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉంటే ఇది తర్వాత చదువుదురుగాని. ఇంట్లో ఎవరుంటే వాళ్ల దగ్గరికి వెళ్లి "కాసేపు నన్ను ఒంటరిగా వదలొద్దు" అని చెప్పండి. ఎవరూ లేకపోతే ఫోన్ తీయండి. ఇండియాలో టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబర్ 14416, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమెరికాలో ఉంటే 988, బ్రిటన్‌లో ఉంటే 116 123. ఇప్పటికే గాయం లోతుగా తగిలినా, రక్తం ఆగకపోయినా, ఏదైనా మింగినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. మింగినప్పుడైతే "బాగానే ఉన్నాను కదా" అని ఇంట్లో కూర్చోవద్దు. పైకి ఏమీ తెలియకపోయినా లోపల హాని జరుగుతూ ఉండొచ్చు.

ఇక నా సంగతి. నాకిప్పుడు ముప్పై నాలుగేళ్లు. పద్నాలుగో ఏట మొదలుపెట్టి ఇరవై ఆరో ఏటిదాకా, మధ్యమధ్యలో ఆగుతూ, నన్ను నేను గాయపరచుకున్నాను. ఎలా అన్నది రాయను. ఆ వివరాలు చదివితేనే కొందరికి మనసు అటు లాగుతుంది, నాకూ లాగేది. నేను డాక్టర్ని కాదు. అచ్చుకి వెళ్లే పేజీల్లో తప్పులు దిద్దడం నా ఉద్యోగం. అందుకేనేమో, నాకు నేర్పినవాటిలో నాకు బాగా పట్టుబడింది కూడా అలాంటి పనే: ఒక చెడ్డ సాయంత్రాన్ని ముందుంచుకుని, తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడం. అది ఎలా చేయాలో చెప్తాను. దాంతోపాటు నాకు పనికొచ్చినవీ, పనికిరానివీ కూడా.

అది మనకేం చేసిపెడుతోంది?

"ఎందుకు చేసుకుంటున్నావు?" అని అడిగితే నా దగ్గర జవాబుండేది కాదు. దాచడం కాదు, నిజంగానే తెలీదు. ఆ ప్రశ్ననే మార్చి అడిగిన మొదటి మనిషి నా రెండో కౌన్సెలర్. "అది మీకేం చేసిపెడుతోంది?" అన్నారావిడ. నేను చాలాసేపు కిటికీ వైపు చూసి, "చప్పుడు ఆగుతుంది" అన్నాను. తల లోపలి చప్పుడు అన్నమాట. అన్నేళ్లలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.

మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు 2004లో ఈ ప్రశ్నకి వచ్చే జవాబుల్ని నాలుగు రకాలుగా విడదీశారు. భరించలేని టెన్షన్‌నో కోపాన్నో కాసేపు దించడం ఒకటి. ఏమీ తెలియని మొద్దుతనంలో ఏదో ఒకటి తెలిసేలా చేసుకోవడం, లేదా తనని తాను శిక్షించుకోవడం రెండోది. మనుషుల నుంచో, పనుల నుంచో తప్పించుకోవడం మూడోది. నోటితో చెప్పలేనిది ఎదుటివాళ్లకి తెలిసేలా చేయడం నాలుగోది. ఎక్కువ మందిలో కనిపించేవి మొదటి రెండే. లోకం మాత్రం నాలుగోదాన్నే పట్టుకుని "అందరూ చూడాలని చేస్తోంది" అంటుంది. అందరూ చూడాలనుకునే మనిషి ఏళ్ల తరబడి దాచిపెట్టుకుంటుందా? ఒకవేళ ఎవరైనా నిజంగానే చూడాలని చేసినా, అంతదాకా వచ్చిందంటే ఆ మనిషిని చూడాల్సిన అవసరం ఉన్నట్టేగా.

రెండో అపోహ, "చావాలనుకుంటోంది" అని. చాలామందికి ఆ సమయంలో చావాలని ఉండదు, ఆ బాధ ఆగాలని ఉంటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం మానసిక సమస్యల్ని వర్గీకరిస్తూ తెచ్చిన డీఎస్ఎమ్-5 పుస్తకం కూడా 2013లో దీన్ని ఆత్మహత్యాయత్నం నుంచి వేరుగానే పేర్కొంది, ఇంకా పరిశీలించాల్సిన సమస్యల జాబితాలో. అలాగని రెండింటికీ సంబంధం లేదనుకోవద్దు. తమని తాము గాయపరచుకునేవాళ్లలో ముందుముందు ఆత్మహత్య ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ. కాబట్టి ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకోవడం ఎంత తప్పో, "వయసు ప్రభావం, అదే పోతుంది" అనడమూ అంతే తప్పు.

ఒంటరిగా అనిపిస్తే ఈ లెక్క చూడండి. రకరకాల దేశాల్లో జరిగిన సర్వేలని 2014లో ఒకచోట కలిపి చూస్తే, టీనేజ్ పిల్లల్లో సుమారు 17 శాతం మంది కనీసం ఒక్కసారైనా ఇలా చేసుకున్నామని చెప్పారు. నలభై మంది ఉన్న క్లాసులో ఆరేడుగురన్నమాట. మా క్లాసులో నేనొక్కదాన్నే అనుకున్నాను.

మరి అలవాటుగా ఎందుకు మారుతుంది? ఏ నొప్పయినా తగ్గుముఖం పట్టే క్షణంలో మనిషికి ఒక ఊరట కలుగుతుంది. ఒంటి నొప్పి వెనకే వచ్చే ఆ ఊరట మనసులోని బాధని కూడా కాసేపు కప్పేస్తుంది. మెదడు "ఇది పనిచేసింది" అని గుర్తుపెట్టుకుంటుంది. కానీ అది అరువు తెచ్చుకున్న ఊరట. గంటకో, తెల్లారేసరికో సిగ్గు మొదలవుతుంది. ఆ సిగ్గే మళ్లీ తర్వాతి సాయంత్రానికి కారణమవుతుంది.

ఈ సమస్యకి ఎక్కువగా వాడే చికిత్సల్లో ఒకటైన డీబీటీని (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) తయారుచేసిన మార్షా లినహాన్, తనూ టీనేజ్‌లో ఇలాగే గాయపరచుకుని ఆస్పత్రిలో ఉన్నానని 2011లో బయటికి చెప్పారు. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. ఇది చదివినప్పుడు నాకు ధైర్యం రాలేదు. "అంత పెద్దావిడకే చెప్పడానికి అన్నేళ్లు పట్టిందా" అని కాస్త ఊపిరి పీల్చుకున్నానంతే.

ఒక మంగళవారాన్ని వెనక్కి చదవడం

కౌన్సెలర్ దగ్గర నేనెప్పుడూ ఒకటే చెప్పేదాన్ని: "ఏమీ లేదండీ, ఉన్నట్టుండి జరిగిపోయింది." ఆవిడ తెల్లకాగితం ఒకటి నా ముందుకి జరిపి, కింద "రాత్రి 8.30" అని రాశారు. "దీనికి ముందు ఏం చేస్తున్నారు?"

లైటు వేయకుండా పడుకుని ఉన్నాను. దానికి ముందు? ఫోన్‌లో పాత ఫొటోలు చూస్తున్నాను. దానికి ముందు? అక్క ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? ఏడుపు గొంతు తెలిసిపోతుందని. అంతకుముందు బస్సులో వచ్చేటప్పుడు బుర్రలో ఒకే వాక్యం తిరుగుతోంది, నేను ఎందుకూ పనికిరానని. ఆ వాక్యం ఎప్పుడు మొదలైంది? నాలుగింటికి. 46వ పేజీలో ఒక శీర్షిక తప్పుతోనే అచ్చయిపోయింది. పై అధికారి నలుగురిలో "ఇంత పెద్ద అక్షరాలు కూడా కనపడలేదా?" అన్నాడు. ఎందుకు కనపడలేదు? మధ్యాహ్నం తినలేదు. ముందురోజు రాత్రి నాలుగు గంటలే నిద్ర.

కాగితం మీద పదకొండు మెట్లు వచ్చాయి. "ఉన్నట్టుండి" అనుకున్నది నాలుగున్నర గంటలు నడిచింది. నిద్రనీ తిండినీ కలుపుకుంటే ముందురోజు నుంచే నడుస్తోంది. నేనేమో అన్నేళ్లూ చివరి మెట్టు మీద నిలబడి, అక్కడే ఆపుకోవాలని చూసి ఓడిపోతున్నాను. అక్కడ ఆపడం అన్నిటికన్నా కష్టం. లైటు వేయడం సులువు, అక్క ఫోన్ ఎత్తడం కొంచెం కష్టం, మధ్యాహ్నం రెండు ముద్దలు తినడం ఇంకా సులువు.

ఇది మీరూ చేసుకోవచ్చు. అదే రాత్రి కాదు, మర్నాడు, కాస్త తేరుకున్నాక. పేజీ అడుగున ఆ సమయం రాసి, పైకి వెళ్తూ ఒక్కో మెట్టుకీ గడియారం వేయండి. జరిగిన సంగతి, బుర్రలో తిరిగిన వాక్యం, ఒంట్లో తెలిసింది (దడ, గొంతులో ఉండ, చేతులు చల్లబడటం), ఈ మూడూ విడివిడిగా రాయండి. గాయం గురించి మాత్రం ఒక్క టిక్కు పెట్టి వదిలేయండి, వర్ణించొద్దు. ఇలాంటివి మూడు నాలుగు పోగయ్యాక పక్కపక్కన పెట్టి చూడండి. నా నాలుగు కాగితాల్లోనూ ఖాళీ కడుపు ఉంది. మూడింటిలో ఎత్తని ఫోన్ ఉంది.

లాగుతున్నప్పుడు

మెట్లన్నీ దాటి అక్కడిదాకా వచ్చేశాక ఏం చేయాలి? ఆ లాగుడు అలలాంటిదని, లేస్తుంది, పతాకస్థాయికి వెళ్తుంది, దిగుతుందని తాగుడు, సిగరెట్ మానేవాళ్లతో పనిచేసిన మనస్తత్వవేత్త అలాన్ మార్లాట్ నేర్పేవారు. దాంతో కలబడకుండా, దానికి లొంగకుండా, అది దిగేదాకా గమనిస్తూ ఉండడం ఆ పద్ధతి. వినడానికి ప్రవచనంలా ఉంటుంది. నేను నమ్మలేదు. నమ్మక్కర్లేదు, అంకెలు రాయండి అన్నారు కౌన్సెలర్. సున్నా నుంచి పది దాకా, ఐదు నిమిషాలకోసారి.

నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇది: 7.10కి ఎనిమిది. 7.15కి తొమ్మిది. 7.20కి తొమ్మిది, పక్కన "ఇది దిగదు" అని రాసుకున్నాను. 7.25కి ఏడు. 7.35కి ఐదు. ఆ తర్వాత రాయడం మర్చిపోయాను. అందరికీ ఇంతే పడుతుందని కాదు, నాకు మాత్రం చాలాసార్లు ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో దిగేది. ఎప్పటికీ దిగదనుకున్నది దిగిందని మన చేతిరాతలోనే కనపడితే, రెండోసారి కూర్చోవడం కొంచెం తేలిక.

ఆ ఇరవై నిమిషాలూ ఊరికే కూర్చోనక్కర్లేదు. అయితే ఏది చేయాలన్నది, ఆ పూట ఏ అవసరం లాగుతోందన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదట్లో నేను చేసిన పొరపాటు అక్కడే. అన్నిటికీ ఒకే మందు వేసి, పనిచేయలేదని పారేశాను.

దడ, కోపం, ఒళ్లంతా మండుతున్నట్టు ఉంటే ముందు ఒంటిని చల్లబరచాలి. చల్లటి నీళ్లలో ముఖం ముంచి, ఊపిరి బిగబట్టి కొన్ని సెకన్లు ఉంటే గుండె వేగం తగ్గుతుంది. నీళ్లలో మునిగినప్పుడు ఒళ్లు సహజంగా చేసుకునే సర్దుబాటే అది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, సరిగా తినకుండా బాగా చిక్కిపోయినవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇది చేయొద్దు. వాళ్లకీ మిగతావాళ్లకీ పనికొచ్చేది ఊపిరి: నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. బయటికి వదిలేది పొడుగ్గా ఉండడమే ముఖ్యం. లేదంటే మెట్లెక్కి దిగండి, ఆయాసం వచ్చేదాకా.

ఏమీ తెలియని మొద్దుతనం అయితే ఊపిరి లెక్కలు నాకు అస్సలు పనిచేయలేదు, ఇంకా లోపలికి కూరుకుపోయేదాన్ని. అప్పుడు బయటి ప్రపంచాన్ని దగ్గరికి లాక్కోవాలి. ఒట్టికాళ్లతో నేల మీద నిలబడి కనపడే వస్తువుల పేర్లు పైకి అనడం, గిన్నెలు తోమడం, తలస్నానం. నాకొక ఉద్యోగ చిట్కా ఉంది. అచ్చుతప్పులు కళ్లు తప్పించుకోకుండా ఉండాలని పేజీని చివరి మాట నుంచి మొదటి మాటకి వెనక్కి చదువుతాం. ఏ పుస్తకమైనా తీసి అలా పైకి చదువుతాను. అర్థం ఉండదు కాబట్టి బుర్ర ప్రతి మాట దగ్గరా ఆగి చూడాల్సి వస్తుంది. రెండో పేజీకొచ్చేసరికి గదిలోకి తిరిగొచ్చినట్టుంటుంది.

శిక్షించుకోవాలన్న కోరిక వేరే జాతిది. నాకు ఎక్కువగా ఉన్నది అదే, దానికి నీళ్లు చాలవు. నేను చేసేది ఇది. బుర్రలో తిరిగే వాక్యాన్ని కాగితం మీద రాస్తాను: "నేను ఎందుకూ పనికిరాను." తర్వాత ఎర్ర పెన్ను తీసి, వేరేవాళ్ల ప్రూఫ్ దిద్దినట్టే దిద్దుతాను. "ఎందుకూ" కొట్టేస్తాను, ఆధారం లేదు కాబట్టి. "పనికిరాను" మీద ప్రశ్నార్థకం పెడతాను. చివరికి ఆ మంగళవారం వాక్యం ఇలా తేలింది: "నేను 46వ పేజీలో ఒక తప్పు వదిలేశాను, నలుగురిలో మాట పడ్డాను, సిగ్గుగా ఉంది." ఇది కూడా బాధే. కానీ దీనికి ఒక కొలత ఉంది. ఫొటోల్లోని ముఖాల్లో కనపడే భావానికి పేరు పెట్టగానే చూసేవాళ్ల మెదడులో భయాన్ని మోగించే అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదిస్తుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో స్కానింగ్‌లలో చూసింది. "సిగ్గు" అని రాసినప్పుడు నాకు జరిగేది అదేనేమో.

పనికిరానివి కూడా చెప్పాలి. "దీనికి బదులు ఇలా కొంచెం నొప్పి పెట్టుకో" అనే సలహాలు చాలా తిరుగుతుంటాయి. నేనవి వదిలేశాను. నొప్పికీ ఊరటకీ పడ్డ ముడిని అవి విప్పవు, ఇంకా బిగిస్తాయి. ఒట్లు కూడా అంతే. నామీద నేను పెట్టుకున్న ఒట్టు తప్పిన ప్రతిసారీ శిక్షకి ఇంకో కారణం దొరికేది.

అన్నిటికన్నా ఎక్కువ సాయపడింది నేను సిగ్గుపడి చాలాకాలం చేయనిది: గాయపరచుకోవడానికి వాడేవాటిని చేతికి అందకుండా చేయడం. నేను తీసి అక్కకిచ్చేశాను. లాగుడు తొమ్మిది దగ్గరున్నప్పుడు వెతుక్కోవడానికి పట్టే ఆ కాస్త సమయమే దాన్ని ఏడుకి దించుతుంది. తర్వాత ఒక కాగితం రాసుకున్నాను. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే మనస్తత్వవేత్తలు తయారుచేసిన సేఫ్టీ ప్లాన్ ఆ కాగితమే. నాకు ముంచుకొస్తోందని తెలిపే గుర్తులు, ఒక్కదాన్నే చేయగలిగినవి, నలుగురి మధ్యకి వెళ్లగలిగే చోట్లు, ఫోన్ చేయగల మనుషులు, డాక్టరూ హెల్ప్‌లైన్ నంబర్లు, ఇంట్లో ఏవి దూరం పెట్టాలో. ఆరు విషయాలు, ఒక్క పేజీ. బుర్ర బాగున్న రోజున రాసుకోవాలి.

అక్కకి చెప్పిన రోజు

ఎదురుగా కూర్చుని చెప్పలేకపోయాను. అక్క గిన్నెలు తోముతుంటే నేను తుడుస్తున్నాను. ఇద్దరి కళ్లూ గిన్నెల మీదే.

"అక్కా, ఒకటి చెప్తాను. మధ్యలో మాట్లాడకు, అరవకు."

"చెప్పు."

"మనసు బాగాలేనప్పుడు నన్ను నేను గాయపరచుకుంటున్నాను. చావాలని కాదు. ఆపాలని ఉంది, ఒక్కదాన్నే ఆపలేకపోతున్నాను."

నీళ్ల చప్పుడు ఆగింది. అక్క "ఎప్పట్నుంచే?" అంది. చెప్పాను. తను ఏడ్చింది, కానీ నా చెయ్యి లాగి చూడలేదు. "అమ్మకి తెలుసా" అనలేదు. కాసేపాగి, "నేనేం చేయను?" అంది. నా దగ్గర సిద్ధంగా ఒక్కటే ఉంది: "రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి. ఏదో ఒకటి మాట్లాడు. దీని గురించే అడక్కు."

ఎవరికి చెప్పాలన్నా ఈ మూడూ ఉంటే చాలు: ఏం జరుగుతోంది, ఏది కాదు, వాళ్ల నుంచి ఏం కావాలి. నోరు రాకపోతే రాసివ్వండి. మొదట చెప్పిన మనిషి సరిగా వినకపోతే అది ఆ మనిషి సంగతి, ఇంకొకరిని వెతకండి. పద్దెనిమిది లోపు పిల్లలైతే, నమ్మకమున్న పెద్దవాళ్లు ఒక్కరైనా ఇందులో ఉండాలి. స్నేహితురాలి మీదే మొత్తం మోపకండి, తను మోయలేదు.

ఇది చదువుతున్నది అమ్మానాన్నలైతే, తిట్టొద్దు, గాయాలు చూపించమని పట్టుబట్టొద్దు, "నామీద ఒట్టేయి" అనొద్దు. ఫోన్ లాక్కుని, తలుపుల గొళ్లేలు పీకేస్తే బిడ్డ ఇంకా బాగా దాచడం నేర్చుకుంటుందంతే. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని మాత్రం నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

చికిత్స గురించి కాస్త

నా మొదటి కౌన్సెలర్ "ఇంత మంచి కుటుంబం ఉండి ఇదేం పని?" అన్నాడు. మళ్లీ ఇంకొకరి దగ్గరికి వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు మీరు పోగొట్టుకోకండి. చెప్పులు సరిపోకపోతే కాళ్లని తిట్టుకోం కదా. దీనికి సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ), డీబీటీ లాంటి మాట్లాడే చికిత్సలు పనికొస్తాయి. టీనేజ్ పిల్లలకి డీబీటీలోనే వేరే రూపం ఉంది, ఇంట్లోవాళ్లని కూడా కూర్చోబెట్టి నేర్పిస్తారు. గాయపరచుకోవడానికంటూ విడిగా మాత్ర లేదు. వెనక డిప్రెషనో, ఆందోళనో ఉంటే డాక్టర్ దానికి మందులిస్తారు. నేను ఏడాదిన్నర వాడాను. మొదటిరోజే అన్నీ చెప్పాల్సిన పనిలేదు. "గాయాల గురించి తర్వాత చెప్తాను, ముందు నిద్ర గురించి మాట్లాడదాం" అని నేను మొదలుపెట్టాను, ఆవిడ సరేనన్నారు.

మళ్లీ జారితే

జారతారు. నేను మూడుసార్లు జారాను. ఆఖరిసారి పద్నాలుగు నెలల తర్వాత. "మళ్లీ మొదటికొచ్చింది" అని ఏడుస్తుంటే, ఆ పద్నాలుగు నెలల నోట్‌బుక్‌ని కౌన్సెలర్ బల్ల మీద పెట్టించారు. అందులో దిగిపోయిన అలలు డెబ్భైకి పైనే ఉన్నాయి, దిగనిది ఒకటి. జారిన రోజు చేయాల్సింది గాయానికి శుభ్రంగా కట్టు కట్టుకోవడం, ఒకరికి చెప్పడం, ఏదైనా తిని పడుకోవడం. మెట్ల కాగితం మర్నాటికి.

లాగుడు ఇప్పటికీ వస్తుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు. నోట్‌బుక్ పరుపు కిందే ఉంది. చివరి పేజీ పోయిన నెలది: 9.40కి ఆరు. అక్క ఫోన్ ఎంగేజ్. చన్నీళ్లు. 9.50కి ఆరు. పుస్తకం వెనక్కి చదివాను, మూడు పేజీలు, రెండు అచ్చుతప్పులు దొరికాయి. 10.05కి మూడు. అక్క తిరిగి ఫోన్ చేసింది.